చోటు, పొంతన: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్లలో బాహ్య నిల్వ, ప్యాకేజీల నవీకరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇళ్లలో వాడే చిన్న రౌటర్లలో అంతర్గత నిల్వ చాలా తక్కువ. ఆ కొరతను తీర్చటానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజం యూఎస్‌బీ పరికరాల వంటి బాహ్య నిల్వను ఆశ్రయించింది. చోటు సమస్య తీరిన తరువాత దాని వెనుక దాగిన మరొక సమస్య బయటపడింది. అది కెర్నల్‌కూ ప్యాకేజీలకూ మధ్య ఉండవలసిన పొంతన. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు చరిత్ర ఆధారంగా, ప్యాకేజీలను ఒక్కొక్కటిగా మార్చే పద్ధతి నుంచి మొత్తం ఫర్మ్‌వేర్‌ను కొత్తగా నిర్మించుకొనే పద్ధతికి జరిగిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రౌటరు, ఫర్మ్‌వేర్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, ప్యాకేజీ, బాహ్య నిల్వ, ఎక్స్‌ట్రూట్, నవీకరణ.

1. ప్రవేశిక

ఇంటి మూలన దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉండే రౌటరును ఎవరూ కంప్యూటరుగా లెక్కించరు. నిజానికి అందులో ప్రాసెసరు ఉంది, మెమరీ ఉంది, చాలా సందర్భాల్లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉంది. మేజాబల్లమీది కంప్యూటరుకు వలెనే దానిలోని సాఫ్ట్‌వేర్‌లోనూ లోపాలు బయటపడతాయి, వాటికి దిద్దుబాట్లు వస్తాయి. అయితే ఒక చిక్కు ఉంది. ఏ దారిన దిద్దుబాట్లు రావాలో ఆ దారే ఈ పరికరం. నవీకరణ మధ్యలో చెడితే, బాగుచేసుకోవటానికి కావలసిన వస్తువులు తెచ్చుకొనే మార్గమే మూసుకుపోతుంది. రౌటర్ల నవీకరణ చరిత్ర అంతటా ఈ చిక్కు నీడలా వెంటాడుతుంది.

ఇది నిపుణుల వినోదం మాత్రమే కాదు. 2018 మే నెలలో వెలుగులోకి వచ్చిన వీపీఎన్‌ఫిల్టర్ అనే హానికర సాఫ్ట్‌వేర్ కనీసం 5 లక్షల రౌటర్లలోనూ నిల్వ పరికరాలలోనూ చేరినట్లు సిస్కో సంస్థ పరిశోధక విభాగం అంచనా వేసింది. తయారీదారు వదిలేసిన పరికరాన్ని ఎవరు, ఎలా నవీకరించాలి అన్న ప్రశ్న అందువల్ల ప్రతి ఇంటికీ చెందినదే.

2. ఫ్లాపీ నుంచి ఫ్లాష్‌కు

బాహ్య నిల్వతో రౌటరు నడపటం కొత్త ఆలోచన కాదు. 1990ల చివరి సంవత్సరాల్లో లినక్స్ రౌటర్ ప్రాజెక్టు ఒక పాత కంప్యూటరును 1.44 మెగాబైట్ల ఫ్లాపీ డిస్కు సాయంతో రౌటరుగా మార్చింది. వ్యవస్థ అంతా ఆ ఫ్లాపీలో కుదించిన ప్యాకేజీల రూపంలో ఉండేది. కంప్యూటరు మొదలైనప్పుడు అవి మెమరీలోకి విప్పబడి అక్కడే నడిచేవి. ప్యాకేజీ మార్చాలంటే ఫ్లాపీమీది ఫైలు మార్చి యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి. ఫ్లాపీకి రాతనిరోధక మీట వేసి ఉంచితే, ఎవరైనా చొరబడి చేసిన మార్పులు కూడా పునఃప్రారంభంతో తుడిచిపెట్టుకు పోయేవి. నడుస్తున్న వ్యవస్థను ముక్కలు ముక్కలుగా దిద్దకుండా, మూలాన్ని మార్చి మళ్లీ మొదలుపెట్టటం ఇక్కడి పద్ధతి. ఈ ప్రాజెక్టు 2003లో ముగిసింది. దాని వారసత్వాన్ని లీఫ్ అనే ప్రాజెక్టు అందుకొంది. వ్యాసం చివరలో లీఫ్ ప్రస్తావన మళ్లీ వస్తుంది.

అదే 2003లో మరొక ముఖ్య సంఘటన జరిగింది. అంతకుముందు సంవత్సరం చివర లింక్‌సిస్ సంస్థ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటరును విడుదల చేసింది. 2003లో ఆ సంస్థను సిస్కో కొన్నది. ఆ రౌటరు ఫర్మ్‌వేర్‌లో లినక్స్ ఉన్నదనీ, జీపీఎల్ లైసెన్సు ప్రకారం మూలకోడ్‌ను ఇవ్వవలసి ఉన్నదనీ లినక్స్ అభివృద్ధికారులు ఎత్తిచూపారు. ఒత్తిడి పెరిగాక ఆ సంవత్సరం మధ్యలో లింక్‌సిస్ మూలకోడ్‌ను విడుదల చేసింది. లైసెన్సు పాటింపు వివాదం అంతటితో తీరలేదు. 2008లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కోమీద దావా వేయగా 2009లో అది రాజీతో ముగిసింది. మన చర్చకు ముఖ్యమైనది మొదటి విడుదల. దాని పునాదిమీదే 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది.

ఆ రౌటరులో 4 మెగాబైట్ల ఫ్లాష్, 16 మెగాబైట్ల మెమరీ ఉండేవి. యూఎస్‌బీ ద్వారం లేదు. అప్పటి ఇతర ఫర్మ్‌వేర్‌లు అన్ని సౌకర్యాలనూ కుక్కిన ఒకే మూటను ఇచ్చేవి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మాత్రం కనీస పునాదిని ఇచ్చి, మిగిలినవి ప్యాకేజీలుగా ఎవరికి కావలసినవి వారు చేర్చుకోండి అన్నది. ఇందుకు ఐపీకేజీ అనే సాధనాన్ని తీసుకొంది. అది చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లలో లినక్స్ నడిపినవారు రూపొందించినది. తరువాత ఓపెన్‌మోకో ఫోను ప్రాజెక్టులో ఐపీకేజీ నుంచి ఓపీకేజీ అనే శాఖ పుట్టింది. కమికాజే 8.09 విడుదల నుంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దాన్ని స్వీకరించింది.

రౌటరుకు ప్యాకేజీ వ్యవస్థను ఇవ్వటమంటే దాన్ని పూర్తిస్థాయి కంప్యూటరుగా గుర్తించటమే. కాని పెద్ద కంప్యూటరులో తేలికగా సాగే పని 4 మెగాబైట్లలో అంత తేలికగా సాగలేదు.

3. పొరల నిర్మాణం: పాతది పోదు, కొత్తది చేరుతుంది

చోటు ఆదా చేయటానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫ్లాష్‌ను రెండుగా విభజించింది. మొదటిది స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ. గట్టిగా కుదించబడి ఉంటుంది, చదవటమే తప్ప దానిమీద రాయలేము. రెండవది జేఎఫ్‌ఎఫ్‌ఎస్2. ఇందులో రాయవచ్చు గాని కుదింపు అంత గట్టిది కాదు. మొదటిదానిమీద రెండవదాన్ని పరచి, రెంటినీ ఒకే వ్యవస్థగా చూపుతారు. వైట్ రష్యన్ పేరుతో వచ్చిన తొలి విడుదలల కాలంలో ఈ పని లంకెల సాయంతో జరిగేది. ఒక అమరికల ఫైలును మార్చాలంటే ముందు లంకెను తొలగించి, అసలు ఫైలును నకలు చేసుకొని, అప్పుడు దిద్దవలసి వచ్చేది. తరువాత మినీ-ఎఫ్‌ఓ, ఆపైన ఓవర్‌లేఎఫ్‌ఎస్ ఈ బాధను తప్పించాయి. ఓవర్‌లేఎఫ్‌ఎస్‌ను ప్రధాన లినక్స్ కెర్నల్ 2014 డిసెంబరులో 3.18 సంచికతో చేర్చుకొంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అంతకు కొన్ని సంవత్సరాల ముందు నుంచే దాన్ని విడిగా కలుపుకొని వాడుతూ వచ్చింది.

ఈ నిర్మాణం వల్ల ఒక మేలు కలిగింది. పైపొరను చెరిపేస్తే పరికరం తన మొదటి స్థితికి వస్తుంది. ఒక కీడూ కలిగింది. గోడకు వేలాడే పాత క్యాలెండరును తీయకుండా దానిమీదే కొత్త క్యాలెండరు తగిలించినట్లు, కింది పొరలో ఉన్న ప్యాకేజీని నవీకరిస్తే కొత్త ప్రతి పైపొరలో చేరుతుంది. పాతది కింద అలాగే ఉంటుంది, కంటికి కనపడదు గాని చోటు వదలదు. కింది పొరలోని ప్యాకేజీని తొలగించినా ఒక్క బైటు మిగలదు సరికదా, తొలగించామన్న గుర్తు కోసం పైపొరలో మరికొంత ఖర్చవుతుంది.

నవీకరణ సమయంలో ఇరుకు ఇంకా ఎక్కువ. కొత్త ప్యాకేజీ ముందు మెమరీలోకి దిగుతుంది, ఆపైన ఫ్లాష్‌లోకి విప్పబడుతుంది. జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 తానే కుదిస్తుంది కాబట్టి ఎంత చోటు మిగిలిందో కచ్చితంగా చెప్పటం కష్టం. మధ్యలో చోటు అయిపోతే సగం కొత్త, సగం పాత ఫైళ్లతో వ్యవస్థ నిలిచిపోతుంది. అందువల్ల చిన్న రౌటర్లలో కొత్త ప్యాకేజీని చేర్చటం కంటె ఉన్నదాన్ని నవీకరించటమే ప్రమాదకరమైన పని. తొలితరం వాడుకదారులు విద్యుత్తు ఇచ్చిన మొదటి కొద్ది క్షణాల్లో టీఎఫ్‌టీపీ పద్ధతిలో ఫర్మ్‌వేర్‌ను పంపే కిటుకును ముందుగానే నేర్చుకొన్నది ఇందుకే. ఆ క్షణాలపాటు రౌటరు ఆగి చూసేందుకు బూట్-వెయిట్ అనే అమరికను ముందే చేసుకొనేవారు. వారికి అదే ప్రాణరక్షణ.

4. విడిగా ఉంచే మార్గం

చోటు కోసం చేసిన తొలి ప్రయత్నాల్లో కొన్ని సాహసకార్యాలు. డబ్ల్యూఆర్‌టీ54జీకి యూఎస్‌బీ లేదు కాబట్టి, దాని సర్క్యూట్ పలకమీది ఖాళీ సంకేత కాళ్లకు తీగలు అతికి, ఎస్‌డీ కార్డును జోడించినవారు ఉన్నారు. యూఎస్‌బీ ద్వారం ఉన్న పరికరాలు వచ్చాక ఆ శ్రమ తగ్గింది.

ఈ దశలో రౌటరు కాని ఒక పరికరం రౌటర్లకు దారి చూపింది. 2004లో వచ్చిన లింక్‌సిస్ ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 నెట్‌వర్క్ నిల్వ పరికరం. 8 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల మెమరీ, రెండు యూఎస్‌బీ ద్వారాలు దాని ఆస్తి. అన్‌స్లంగ్ అనే ఫర్మ్‌వేర్ దాని మూల ఫైల్ వ్యవస్థను బాహ్య డిస్కుమీదికి తరలించింది. దాని కోసం రూపొందిన ఆప్ట్‌వేర్ ప్యాకేజీల సంచయం తరువాత యూఎస్‌బీ ఉన్న ఆసుస్ రౌటర్లకు, ఇంకా ఇతర ఫర్మ్‌వేర్‌లకు విస్తరించింది.

ఆప్ట్‌వేర్ పాటించిన నియమం చాలా సామాన్యమైనది. బయటి డిస్కులోని ప్యాకేజీలన్నీ 'ఆప్ట్' అనే ఒకే డైరెక్టరీ కింద ఉంటాయి. ఫర్మ్‌వేర్‌కు చెందిన డైరెక్టరీల జోలికి అవి పోవు. తమకు కావలసిన ఉమ్మడి కోడ్ గ్రంథాలయాలను కూడా తామే తెచ్చుకొంటాయి. ఇంటికి ఆనుకొని పెరట్లో కట్టిన కొట్టు లాంటిది ఇది. ఇల్లు పడగొట్టి తిరిగి కట్టినా కొట్టు నిలుస్తుంది. ఫర్మ్‌వేర్ మారినా ప్యాకేజీలు దాదాపు యథాతథంగా పనిచేస్తాయి. ఆప్ట్‌వేర్ స్థానంలో తరువాత వచ్చిన ఎంట్‌వేర్ కూడా ఈ నియమాన్నే పాటిస్తున్నది. పరిమితి కూడా స్పష్టమే. కొట్టులోని వస్తువు ఇంటి పునాదిని బాగుచేయలేదు. కెర్నల్ మాడ్యూళ్లను గాని, ఫర్మ్‌వేర్‌లోని ప్రధాన సేవలను గాని ఈ మార్గంలో మార్చటం కుదరదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనూ ప్యాకేజీని వేరే గమ్యానికి పంపే వీలు ఉండేది. యూఎస్‌బీ డిస్కును గమ్యంగా చెప్పి అక్కడ స్థాపించవచ్చు. కాని ఆ ప్యాకేజీలు 'ఆప్ట్' కోసం తయారైనవి కావు. వాటి ఫైళ్లు ఉండవలసిన చోట లేకపోవటంతో లంకెలు వేయాలి, వెతికే దారులను అమర్చాలి. ఒక ప్యాకేజీకి కుదిరిన ఏర్పాటు మరొకదానికి కుదిరేది కాదు. విడిగా ఉంచేటట్లయితే మొదటి నుంచీ అందుకే తయారుచేయాలన్నది ఆప్ట్‌వేర్ అనుభవం. మధ్యేమార్గం నిలవలేదు.

5. కలిపివేసే మార్గం: ఎక్స్‌ట్రూట్

2010 ఏప్రిల్‌లో వచ్చిన బ్యాక్‌ఫైర్ 10.03 విడుదల కాలంలో ఎక్స్‌ట్రూట్ అనే ఏర్పాటు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో స్థిరపడింది. పొరల నిర్మాణంలోని పైపొరనే అంతర్గత ఫ్లాష్ నుంచి యూఎస్‌బీ డిస్కుమీదికి మార్చటం ఇందులోని ఆలోచన. పరికరం మొదలవుతూనే బాహ్య డిస్కును వెతికి, దొరికితే దాన్నే పైపొరగా పరుస్తుంది. అప్పుడు వాడుకదారుకు 4 మెగాబైట్లకు బదులు గిగాబైట్ల చోటు కనిపిస్తుంది. లంకెలు వద్దు, దారుల అమరిక వద్దు.

టీపీ-లింక్ సంస్థ చవక పరికరాలు ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాయి. టీఎల్-ఎంఆర్3420, టీఎల్-డబ్ల్యూఆర్703ఎన్ వంటివాటిలో 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల మెమరీ మాత్రమే ఉన్నా యూఎస్‌బీ ద్వారం ఉంది. 3జీ డాంగిల్ తగిలించుకోవటానికి దాన్ని పెట్టారు. 3జీ సేవలు వ్యాపించిన 2010 దశకపు తొలి సంవత్సరాల్లో తీగ ఇంటర్నెట్ అందని ఇళ్లకు మన పట్టణాల్లోనూ డాంగిలే దిక్కు. ఆ ద్వారానికి ఒక హబ్ తగిలించి, డాంగిల్‌తోపాటు పెన్‌డ్రైవును కూడా పెడితే చిన్న రౌటరు ఒక చిన్న సర్వరు అయ్యేది. ప్యాకేజీల జాబితా మామూలుగా మెమరీలో ఉండి పునఃప్రారంభంతో పోతుంది. ఎక్స్‌ట్రూట్ ఉన్నవారు దాన్ని కూడా డిస్కుమీదికి మార్చుకొని మెమరీని ఆదా చేసుకొన్నారు.

ఇక్కడి నుంచి అసలు సమస్య మొదలవుతుంది. కెర్నల్, కింది పొర రెండూ అంతర్గత ఫ్లాష్‌లోనే ఉన్నాయి. పైపొర ఒక్కటే బయట ఉంది. ఫర్మ్‌వేర్‌ను నవీకరిస్తే లోపలివి మారతాయి, బయటిది మారదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో కెర్నల్ మాడ్యూల్ ప్యాకేజీలు తాము ఏ కెర్నల్ కోసం నిర్మితమయ్యాయో ఆ కెర్నల్‌నే, సంచిక సంఖ్యతో సరిపెట్టక దాని నిర్మాణ అమరికల నుంచి లెక్కకట్టిన గుర్తుతో సహా, కోరుకొంటాయి. పాత పైపొరలోని మాడ్యూళ్లు కొత్త కెర్నల్‌కు పనికిరావు. అంతేకాక, పైపొరలో ఉన్న పాత ప్రతులు కొత్త కింది పొరలోని కొత్త ప్రతులను కప్పివేస్తాయి. ఫర్మ్‌వేర్ నవీకరించామని వాడుకదారు నమ్ముతాడు, నడిచేది మాత్రం డిస్కుమీది పాత సేవే. భద్రత దృష్ట్యా ఇది విఫలమైన నవీకరణ కంటె అపాయకరం. విఫలమైనది కనీసం కనపడుతుంది.

అభివృద్ధికారులు దీన్ని గుర్తించి ఒక కాపలా పెట్టారు. పైపొరలో ఒక చిన్న ఫైలు, తాను ఏ కింది పొరతో జతకట్టిందో దాని గుర్తింపు సంఖ్యను దాచుకొంటుంది. ఫర్మ్‌వేర్ మారితే ఆ సంఖ్య సరిపోదు. అప్పుడు వ్యవస్థ బాహ్య పైపొరను పరచటానికి నిరాకరిస్తుంది. ఆ ఫైలును తొలగిస్తే డిస్కు తిరిగి పరచుకొంటుందన్న చిట్కా వాడుకదారుల్లో ఎంతో ప్రచారం పొందింది. పనిచేస్తుంది కూడా. కాని కాపలావాణ్ణి పంపించివేసి తలుపు తీయటం పరిష్కారం కాదు. ఆ వెంటనే ప్యాకేజీలన్నిటినీ కొత్త కెర్నల్‌కు తగినట్లు మార్చితేనే అది పరిష్కారం. చిట్కా వ్యాపించినంతగా ఈ రెండవ సగం వ్యాపించలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మరొక ముడి ఉంది. యూఎస్‌బీ డిస్కును చదివే మాడ్యూళ్లు, దాన్ని పరిచే సాధనం చాలా చిన్న రౌటర్ల అధికారిక ఫర్మ్‌వేర్‌లో ఉండవు. నవీకరణతో అవి తుడిచిపెట్టుకు పోతాయి. వాటిని మళ్లీ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ డాంగిల్ ద్వారా వస్తున్నట్లయితే, డాంగిల్‌ను నడిపే మాడ్యూళ్లు కూడా పోయిన వాటిలోనే ఉంటాయి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లే. ఈ స్థితిని ఈ వ్యాసకర్త స్వయంగా ఒకసారి అనుభవించి, కావలసిన ప్యాకేజీలను మిత్రుని ఇంట పెన్‌డ్రైవులోకి దింపుకొని వచ్చి, పెన్‌డ్రైవును చదివే ప్యాకేజీ కూడా అందులోనే ఉన్నదని ఆలస్యంగా గ్రహించిన మాట చెప్పుకోక తప్పదు. చివరకు కంప్యూటరు నుంచి తీగ ద్వారా వాటిని రౌటరు మెమరీలోకి పంపవలసి వచ్చింది.

డిస్కు ఊడిపోయినా, చెడిపోయినా పరికరం అంతర్గత పైపొరతో లేస్తుంది. అందులో ఎక్స్‌ట్రూట్ ఏర్పరచిన నాటి అమరికలు, నాటి సంకేతపదాలు ఉంటాయి. ఒకే పరికరానికి రెండు జ్ఞాపకాలు ఉన్నట్లు. ఏది మేల్కొంటుందో పెన్‌డ్రైవు ఆరోగ్యంమీద ఆధారపడుతుంది.

6. ప్యాకేజీ సాధనంలోనే లోపం

'అన్నిటినీ ఒకేసారి నవీకరించు' అనే ఆదేశాన్ని గుడ్డిగా వాడవద్దని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పత్రాలు చాలాకాలంగా హెచ్చరిస్తున్నాయి. పెద్ద లినక్స్ పంపిణీల అలవాటుతో వచ్చినవారికి ఇది వింతగా తోస్తుంది. ఓపీకేజీ కెర్నల్‌ను మార్చదు. ప్యాకేజీల మధ్య పొంతన చెడకుండా చూడటంలోనూ దాని శక్తి పరిమితం. బాహ్య నిల్వ ఉన్నవారికి చోటు అయిపోయే ప్రమాదం లేదు కాబట్టి ఈ హెచ్చరిక వర్తించదని కొందరు భావించారు. ప్రమాదం చోటులో మాత్రమే లేదన్నది ఇంతవరకు చూసిన చరిత్ర.

2020లో మరొక సంగతి బయటపడింది. ప్యాకేజీల జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ జాబితాలో ప్రతి ప్యాకేజీకి ఎస్‌హెచ్‌ఏ-256 సరిచూపు సంఖ్య ఉంటుంది. దిగుమతి అయిన ప్యాకేజీని దానితో పోల్చాలి. 2017 ఫిబ్రవరిలో ఓపీకేజీలో చేరిన ఒక మార్పువల్ల ఆ సంఖ్యకు ముందున్న ఒకే ఒక ఖాళీ అక్షరం లెక్క తప్పించింది. సంఖ్య లేనట్లే సాధనం భావించి పోలికను వదిలివేసేది. ప్యాకేజీలు రక్షణ లేని హెచ్‌టీటీపీ మార్గాన వచ్చేవి కాబట్టి, దారిమధ్యలో ఉన్నవాడు అదే పరిమాణం గల వేరే ప్యాకేజీని అందించగలడు. 18.06.7, 19.07.1 సంచికల్లో దీన్ని సరిచేశారు. ఓపీకేజీని ఓపీకేజీతోనే నవీకరించుకోదలచినవారు కొత్త ప్యాకేజీని దింపుకొని, సరిచూపు సంఖ్యను జాబితాలోని సంఖ్యతో స్వయంగా కళ్లతో పోల్చి స్థాపించవలసి వచ్చింది. యంత్రం చేయవలసిన పోలికను మూడేళ్లపాటు యంత్రం చేయలేదు, చివరకు మనిషి చేశాడు.

7. మొత్తంగా కొత్తది: వెనుకకు వెళ్లిన దారి

ఈ అనుభవాలన్నిటి ఫలితంగా ప్యాకేజీలను ఒక్కొక్కటిగా మార్చటం కాక, కావలసిన ప్యాకేజీలతో ఫర్మ్‌వేర్‌నే కొత్తగా కూర్చుకోవటం బలపడింది. ఇమేజ్ బిల్డర్ అనే సాధనం ముందునుంచీ ఉన్నదే. దానితో కూర్చినప్పుడు ప్యాకేజీలన్నీ కింది పొరలోనే, గట్టి కుదింపుతో చేరతాయి. అవే ప్యాకేజీలు పైపొరలో కంటె తక్కువ చోటు పడతాయి, పాత ప్రతుల బరువు ఉండదు. అంటే చోటు సమస్యలో కొంత భాగం పెన్‌డ్రైవు లేకుండానే తీరుతుంది. కెర్నల్, మాడ్యూళ్లు, సేవలు అన్నీ ఒకే నిర్మాణానికి చెందుతాయి కాబట్టి పొంతన సమస్యే తలెత్తదు. కాని ఇమేజ్ బిల్డరుకు లినక్స్ కంప్యూటరు, దాన్ని నడిపే ఓపిక కావాలి. ఆ భారాన్ని ఒక సర్వరుకు అప్పగించే ప్రయత్నం 2017లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమంలో మొదలైంది. రౌటరు తనలోని ప్యాకేజీల జాబితాను పంపుతుంది, సర్వరు అవే ప్యాకేజీల కొత్త సంచికలతో ఫర్మ్‌వేర్‌ను కూర్చి ఇస్తుంది. దీనికి అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ అని పేరు.

ఇందులో నమ్మకం చోటు మారింది. ఇదివరకు రౌటరులోని సాధనాన్ని నమ్మాలి, ఇప్పుడు దూరాన ఉన్న సర్వరును నమ్మాలి. 2024 డిసెంబరులో ఈ సర్వరులోనూ లోపం కనుగొన్నారు. ఒక కోరికను మరొకదాని నుంచి వేరుపరిచే 64 అక్షరాల సరిచూపు సంఖ్యలో మొదటి 12 అక్షరాలనే వాడుతూ వచ్చారు. దానికి ఆదేశాలను చొప్పించగల మరొక లోపం తోడైతే, ఒకరు కోరిన ఫర్మ్‌వేర్ స్థానంలో వేరొకటి అందే వీలు ఉండేది. ప్రాజెక్టువారు వెంటనే సర్వరును ఆపి సరిచేశారు.

చిన్న పరికరాల కాలం ఈలోగా గడిచిపోయింది. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల మెమరీ గల రౌటర్లకు 19.07 శాఖ తరువాత అధికారిక ఫర్మ్‌వేర్ ఆగింది. ఎక్స్‌ట్రూట్‌కు ప్రాచుర్యం తెచ్చిన ఆ పరికరాలను పెన్‌డ్రైవు కాపాడలేకపోయింది. ఎందుకంటే కెర్నల్ బయటి డిస్కుమీద కాక లోపలి ఫ్లాష్‌లోనే ఇమడాలి. పైగా మెమరీ కొరతను పైపొర తీర్చలేదు.

2024 నవంబరులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రధాన అభివృద్ధి శాఖ ఓపీకేజీని వదిలి ఆల్పైన్ లినక్స్ వారి ఏపీకే సాధనాన్ని స్వీకరించింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 24.10 విడుదల మాత్రం ఓపీకేజీతోనే వచ్చింది. ఏపీకేలో వ్యవస్థకు కావలసిన ప్యాకేజీల పేర్లన్నీ 'వరల్డ్' అనే ఒకే ఫైలులో ఉంటాయి. ఆ జాబితాకు అనుగుణంగా వ్యవస్థను మలచటం సాధనం పని. ఆల్పైన్ లినక్స్ పుట్టింది లీఫ్ ప్రాజెక్టు నుంచి. లీఫ్ ఫ్లాపీ రౌటరుకు వారసురాలు. నేటికీ ఆల్పైన్‌ను బాహ్య మాధ్యమం నుంచి మెమరీలోకి ఎక్కించి, అమరికలను మాత్రమే ఒక చిన్న మూటగా ఆ మాధ్యమంమీద దాచుకొనే పద్ధతిలో నడపవచ్చు.

ఎక్స్‌ట్రూట్ వాడుక నిలిచిపోలేదు. 8, 16 మెగాబైట్ల ఫ్లాష్ ఉన్న రౌటర్లలో అది ఇంకా నడుస్తున్నది. ఇప్పుడు దాన్ని ఏర్పరచుకొనేవారిలో జాగ్రత్తపరులు డిస్కును చదివే మాడ్యూళ్లను, పరిచే సాధనాన్ని, డాంగిల్ ఉంటే దాని మాడ్యూళ్లను కూడా ముందుగానే ఫర్మ్‌వేర్‌లో కూర్చుకొంటున్నారు. నవీకరణ తరువాత పాత పైపొరను బలవంతంగా పరచకుండా, అమరికలను, ప్యాకేజీల పేర్లను మాత్రం దాచుకొని, డిస్కును చెరిపి, కొత్త పైపొరను మొదటి నుంచి నింపుకొంటున్నారు.